తెరచాప దించే వేళ

పాఠ్యభాగ ఉద్దేశం: చూడడానికి అల్పంగా తోచే ఒక పరికరాన్ని ఎంచుకోవడంలో కూడా శాస్త్రదృష్టి, ప్రాణరక్షణ దృష్టి ఎలా కలిసి పనిచేస్తాయో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. చిన్న తెరచాప పడవలో బూమ్ అనే దండానికి ఆధారం ఎందుకు అవసరమో, ఆ ఆధారాలు ఎన్ని విధాలో, వాటిలో తగినదానిని ఎలా నిర్ణయించుకోవాలో ఇందులో వివరించడమైనది.

పాఠ్యభాగం

పొలం నుండి ఇల్లు చేరిన రైతు బండిని వాకిట నిలిపి, ఎడ్లను విప్పడానికి ముందే ఒక పని చేస్తాడు. కాడి కింద ఒక ఊతకర్రను నిలుపుతాడు. ఎడ్ల మెడలు కాడిని మోస్తున్నంతసేపు బండి ముందుభాగానికి వేరే ఆధారం అవసరం లేదు. ఆ మెడలు తప్పుకొన్న మరుక్షణం బండి ముందుకు ఒరుగుతుంది. ఊత నిలిపిన తరువాత ఎడ్లను విప్పాలే గాని, ఎడ్లను విప్పిన తరువాత ఊతకోసం వెదకరాదు. ఈ చిన్న జాగ్రత్తను మన పల్లెలలో ఎవరూ పుస్తకం చూసి నేర్చుకోలేదు. తరతరాల అనుభవమే వారికి దానిని నేర్పింది.

తెరచాప పడవలో కూడా సరిగ్గా ఇటువంటి సందర్భమే ఒకటి ఉన్నది.

తెరచాప మనకు కొత్తది కాదు. గోదావరిలోను, కృష్ణలోను గాలివాటం చూసి చాప ఎత్తే పడవలు ఒకప్పుడు సరుకులు చేరవేసేవి. హైదరాబాదులోని హుస్సేన్‌సాగర్‌లో నేడు యువతీ యువకులు చిన్న తెరచాప పడవలతో పోటీలలో పాల్గొంటున్నారు. 2017 సెప్టెంబరు 10న గోవా నుండి బయలుదేరి, ప్రపంచాన్ని చుట్టి, 2018 మే 21న తిరిగి వచ్చిన ‘తారిణి’ అనే తెరచాప నౌకలో ఆరుగురు నౌకాదళ మహిళాధికారులు ఉండగా, వారిలో విశాఖపట్నానికి చెందిన స్వాతి, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య మన తెలుగువారే. కనుక తెరచాప పడవ నిర్మాణాన్ని గురించి, అందులో పొంచి ఉండే ప్రమాదాలను గురించి తెలుసుకోవడం మనకు కేవలం వినోదం కాదు.

బూమ్ అంటే ఏమిటి?

నేటి చిన్న తెరచాప పడవలో నిలువుగా ఒక స్తంభం ఉంటుంది. ప్రధానమైన తెరచాప ముందు అంచు ఈ స్తంభాన్ని అంటిపెట్టుకొని ఉంటుంది. తెరచాప అడుగు అంచు వెంబడి, స్తంభం నుండి పడవ వెనుక వైపునకు అడ్డంగా సాగే దండాన్ని ‘బూమ్’ అంటారు. బూమ్ ముందుకొన స్తంభానికి ఒక కీలుతో బిగించి ఉంటుంది. తలుపు బందు మీద తిరిగినట్లు బూమ్ ఆ కీలు మీద కుడి ఎడమలకు తిరుగుతుంది. పైకి, కిందికి కూడా కదులుతుంది. పడవ నడిపేవారు కూర్చునే తొట్టి సాధారణంగా బూమ్ వెనుకకొన కిందనే ఉంటుంది. అనగా వారి తలలకు పైన కొద్ది ఎత్తులోనే ఈ దండం కదలాడుతూ ఉంటుంది.

తెరచాప పైకి ఎత్తి ఉన్నంతసేపు బూమ్ వెనుకకొనను తెరచాప వెనుక అంచే మోస్తుంది. స్తంభం శిఖరం నుండి దిగివచ్చే బలమైన గుడ్డ అంచు అప్పుడు తాడువలె పనిచేస్తుంది. ఇక తెరచాపను దించడం మొదలుపెట్టగానే ఆ అంచు వదులవుతుంది. బూమ్‌ను అంతవరకు మోసినది ఏదో అదే కిందికి జారిపోతున్నది. వేరొక ఆధారం లేకపోతే బూమ్ తొట్టిలో ఉన్నవారి మీద పడుతుంది. తెరచాప దించే వేళ పడవలోనివారి దృష్టి అంతా గుడ్డను మడవడం మీదనే ఉంటుంది. కొందరు వంగి ఉంటారు, కొందరు తాడు విప్పుతూ ఉంటారు. ప్రమాదానికి అంతకంటే అనువైన సమయం వేరొకటి లేదు.

తెరచాపను మోసే దండాలు ఎంత ప్రమాదకరమైనవో చెప్పడానికి ఒక విషాద ఘటన చాలు. ఫ్రాన్సు దేశపు నావికుడు ఎరిక్ తబార్లీ 1964లోను, 1976లోను అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఒంటరిగా దాటే పందెంలో విజేత. 1898లో నిర్మితమైన ‘పెన్ డ్యూక్’ ఆయనకు ప్రాణప్రదమైన పడవ. 1998 జూన్ నెలలో ఆయన ఆ పడవలోనే స్కాట్లాండు వైపు ప్రయాణిస్తున్నారు. ఐరిష్ సముద్రంలో, వేల్స్ తీరానికి దూరంగా, రాత్రివేళ తెరచాపను మార్చే పనిలో ఉండగా ఒక దండం తగిలి ఆయన నీటిలో పడిపోయారు. తోటివారు ఆయనను రక్షించలేకపోయారు. ఆయనకు తగిలినది బూమ్ కాదు. పాతకాలపు పడవలలో తెరచాప పై అంచును మోసే మరొక దండం అది. బూమ్‌కు మంచి ఆధారం ఉన్నంత మాత్రాన ఆ ప్రమాదం తప్పేదని చెప్పలేము. అయినప్పటికీ ఒక సత్యం మాత్రం దీనివల్ల స్పష్టమవుతున్నది. తెరచాపను ఎత్తి, దించి, మార్చే క్షణాలలో అదుపు తప్పిన దండం జీవితమంతా సముద్రం మీద గడిపినవారిని సైతం ఉపేక్షించదు.

లెక్క ఏమి చెబుతుంది?

బూమ్‌ను ఎక్కడ పట్టి నిలిపితే ఎంత బలం కావాలో భౌతికశాస్త్రం చెబుతుంది. ఒక ఉదాహరణ తీసుకొందాం. బూమ్ పొడవు 3 మీటర్లు. దాని బరువు, దానిపై మడిచి కట్టిన తెరచాప బరువు కలిపి 12 కిలోలు. ఈ బరువు బూమ్ పొడవునా సమానంగా ఉన్నదనుకొంటే, అది నడిమధ్యన, అనగా స్తంభానికి 1.5 మీటర్ల దూరంలో పనిచేస్తున్నట్లు భావించవచ్చు.

బూమ్‌ను వెనుకకొన వద్ద, అనగా 3 మీటర్ల దూరంలో, నిలువుగా పైకి ఎత్తి పట్టడానికి 6 కిలోల బలం చాలు. తక్కిన సగాన్ని కీలు మోస్తుంది. నడిమధ్యన పట్టుకొంటే 12 కిలోల బలం కావాలి. స్తంభానికి ఒక మీటరు దూరంలోనే పట్టుకొంటే 18 కిలోల బలం అవసరమవుతుంది. ఆ ఆధారం నిలువుగా గాక 45 డిగ్రీల ఏటవాలుగా ఉంటే దానిపై పడే భారం సుమారు 25 కిలోలకు పెరుగుతుంది.

ఇప్పుడు 50 కిలోల బరువుతో ఒక మనిషి తూలి బూమ్ చివర వాలినాడనుకొందాం. చివరనే ఆధారం ఉంటే అదనంగా పడే భారం 50 కిలోలు. ఒక మీటరు దూరంలో, 45 డిగ్రీల వాలుతో ఉన్న ఆధారంపై అదనంగా పడేది 200 కిలోలకు పైమాటే. కూడలిలో ఏతం తొక్కిన రైతుకు తెలిసిన సూత్రమే ఇది. బరువు అదే, మనిషి అదే. ఆధారం ఉన్న చోటు మారినందువల్ల భారం నాలుగింతలు దాటినది. కింద వివరించబోయే నాలుగు విధాల ఆధారాలను ఈ లెక్కతో పోల్చుకొంటూ చదవాలి.

మొదటిది - ఊతకర్ర, ఊతచట్రం

అన్నింటికంటె సులభమైనది ఊతకర్ర. బండి కాడికి నిలిపినట్లే, పడవ వెనుకభాగంలో పంగలకర్ర వంటి దానిని నిలిపి, దాని పంగలో బూమ్‌ను ఉంచుతారు. ఖర్చు స్వల్పం. చెడిపోవడానికి అందులో ఏమీ లేదు. పైగా బూమ్ కింద పడకపోవడమే గాక పక్కలకు కూడా ఊగదు. పడవను రేవులో కట్టి ఉంచినప్పుడు, బండి మీద ఎక్కించి రోడ్డుమార్గాన తీసుకొనిపోయేటప్పుడు దీనిని మించినది లేదు.

అయితే దీనికి ఒక పెద్ద లోపం ఉన్నది. బూమ్ సరిగ్గా పడవ మధ్యకు వచ్చినప్పుడే ఊతకర్ర పనికివస్తుంది. తెరచాపను దించుతున్న ఆ కొద్ది నిమిషాలలో ఎవరో ఒకరు బూమ్‌ను చేతితో ఎత్తి పంగలో పెట్టాలి. అలలకు పడవ ఊగుతూ ఉంటే అది ఎంత కష్టమో ఊహించవచ్చు.

ఊతకర్రనే శాశ్వతంగా, బలంగా నిర్మిస్తే అది ఊతచట్రం అవుతుంది. తొట్టికి అడ్డంగా కమాను ఆకారంలో నిలిచే ఈ చట్రానికి బూమ్ కూర్చోవడానికి రెండు మూడు గాళ్ళు ఉంటాయి. పడవ ఊగినప్పుడు పట్టుకొని నిలబడడానికి, ఎండకు పందిరి గుడ్డ కట్టుకోవడానికి కూడా ఇది పనికివస్తుంది. దూరప్రయాణాల పడవలలో దీనిని ఇష్టపడేవారు ఉన్నారు. అయితే ఇది బరువైనది. గాలికి అడ్డు తగులుతుంది. మరీ చిన్న పడవలో దీనికి చోటుండదు.

రెండవది - కొక్కెపు తీగ

అనేకమైన పడవలలో స్తంభం ముందుకు ఒరగకుండా దాని శిఖరం నుండి పడవ వెనుకకొనకు ఒక ఉక్కుతీగను లాగి కడతారు. ఆ తీగకు ఒక పొట్టి తీగను తగిలించి, దాని చివర కొక్కెం పెట్టి, బూమ్ వెనుకకొనను అందులో తగిలించడం రెండవ పద్ధతి. అమెరికాలో 1969 నుండి వేలకొలదిగా తయారైన సుమారు 6.5 మీటర్ల పొడవు గల ‘కాటలీనా 22’ వంటి పడవలలో ఈ ఏర్పాటు కనిపిస్తుంది. ఇది చవక, తేలిక. తెరచాపను రాపిడి చేసే తాడు ఏదీ ఉండదు.

కాని దీనిలో దాగిన ప్రమాదం గొప్పది. కొక్కెం తగిలించి ఉన్నంతసేపు బూమ్ పడవ మధ్యనే బంధింపబడి ఉంటుంది. తెరచాప ఎత్తిన తరువాత కొక్కెం విప్పడం మరచినారనుకొందాం. గాలి ఒక్కసారిగా విసిరినప్పుడు అదుపుతాడును వదలి, బూమ్‌ను పక్కకు పోనిచ్చి, తెరచాపలోని గాలిని జారవిడవడమే పడవను కాపాడుకొనే ఉపాయం. కొక్కెం ఆ ఉపాయానికి అడ్డుపడుతుంది. గాలి పోయే దారి లేక పడవ పక్కకు ఒరుగుతుంది. బూమ్ పడకుండా కాపాడవలసిన పరికరమే పడవ బోల్తా పడడానికి కారణం కాగలదు. రేవులో మేలు చేసే బంధం నడినీటిలో కీడు చేస్తుంది.

మూడవది - పైతాడు

స్తంభం శిఖరం నుండి బూమ్ వెనుకకొన వరకు వేలాడే తాడును నావికులు టాపింగ్ లిఫ్ట్ అంటారు. మనం దీనిని పైతాడు అందాం. దీనిని ఒక కప్పీ గుండా పోనిచ్చి, చేతికి అందే చోట బిగించుకొంటే, కోరినప్పుడు బూమ్‌ను పైకి లాగవచ్చు, కోరినప్పుడు వదులు చేయవచ్చు. చిన్న పడవకు 6 మిల్లీమీటర్ల పాలియెస్టరు తాడు సాధారణంగా సరిపోతుంది. ఆధారం బూమ్ చివరనే ఉన్నందువల్ల తాడుపై భారం తక్కువ. మన ఉదాహరణలో అది 6 కిలోలకు కొంచెం ఎక్కువ మాత్రమే.

దీని ముఖ్యమైన గుణం ఏమనగా, బూమ్ మధ్యలో ఉన్నా, పక్కకు తిరిగి ఉన్నా ఇది దానిని మోస్తూనే ఉంటుంది. గాలి పెరిగినప్పుడు తెరచాపను కొంతవరకు దించి, దాని వైశాల్యాన్ని కుదించవలసి వస్తుంది. నడినీటిలో చేసే ఆ పనికి ఊతకర్రగాని, కొక్కెపు తీగగాని సహాయపడవు. పైతాడు సహాయపడుతుంది. తెరచాపను ఎత్తే తాడు తెగిన ఆపత్సమయంలో కప్పీ గల పైతాడునే బదులుగా వాడుకొన్న నావికులు కూడా ఉన్నారు.

లోపాలు లేకపోలేదు. పడవ నడుస్తున్నప్పుడు వదులుగా ఉన్న పైతాడు గాలికి కొట్టుకొంటూ తెరచాప వెనుక అంచును రాస్తుంది. ఆ రాపిడికి కుట్లు తెగుతాయి. ఆ వదులును లాగి ఉంచడానికి కొందరు తాడు వెంట సాగే రబ్బరు తాడును కడతారు. పైతాడును వదులు చేయడం మరచితే, బూమ్ పైకి ఎత్తబడి తెరచాప తన సరియైన ఆకారాన్ని పొందలేదు. పడవ వేగం తగ్గుతుంది. మరొక విషయం గమనించాలి. పైతాడు బూమ్‌ను మోస్తుందే గాని ఊగకుండా ఆపలేదు. పైతాడుకు వేలాడే బూమ్ ఉయ్యాల వంటిది. పైనుండి పైతాడు, కిందినుండి అదుపుతాడు రెండూ బిగిసినప్పుడే అది కదలక నిలుస్తుంది.

తెరచాప దించినప్పుడు గుడ్డ చెదరిపోకుండా స్తంభం నుండి బూమ్‌కు ఇరువైపులా కట్టే సన్నని తాళ్ళను చూసి, అవే బూమ్‌ను కూడా మోస్తాయని కొందరు పొరపడతారు. అవి గుడ్డను ఒడిసిపట్టడానికి ఉద్దేశించినవి. వాటిని నమ్మి వేరొక ఆధారాన్ని మానుకొనడం మంచిది కాదు.

నాలుగవది - కింది నుండి ఎత్తే కడ్డీ

స్తంభం అడుగుభాగం నుండి బూమ్ వరకు ఏటవాలుగా ఉండే తాళ్ళ అమరికను వ్యాంగ్ అంటారు. గాలికి బూమ్ పైకి లేవకుండా కిందికి లాగి ఉంచడం దాని పని. తాళ్ళకు తోడు ఒక గొట్టంలో మరొక గొట్టం జొనిపి, లోపల లోహపు స్ప్రింగునో, వాయువు నింపిన స్ప్రింగునో అమరిస్తే, ఆ కడ్డీ బూమ్‌ను పైకి కూడా ఎత్తిపడుతుంది. చిన్న పడవలకు స్ప్రింగుకు బదులు వంగి నిలిచే ఫైబర్ గ్లాసు బద్దలను వాడే రకం కూడా ఉన్నది.

ఈ పద్ధతిలో తెరచాపను రాసే తాడు లేదు. బిగించడం, వదలడం అనే పనిని గుర్తుంచుకోవలసిన అవసరం లేదు. మనిషి మరచినా కడ్డీ తన పని మరచిపోదు. ఇదే దీని గొప్పతనం. ఖరీదు ఎక్కువ కావడం మొదటి లోపం. బూమ్‌ను స్తంభానికి దగ్గరగా, ఏటవాలుగా మోయడం రెండవ లోపం. 12 కిలోల బూమ్‌ను మోయడానికి ఇది 25 కిలోల భారాన్ని భరించాలని ఇంతకుముందే చూసినాము. కనుక దీనిని బిగించే చోట స్తంభం, బూమ్ రెండూ బలమైనవిగా ఉండాలి. వాయువు స్ప్రింగు కాలక్రమంలో పట్టు సడలుతుంది. ఎవరైనా బూమ్ చివర వాలితే ఇది దిగజారుతుంది, లేదా విరుగుతుంది. కడ్డీ ఉన్న పడవలో బూమ్‌ను పట్టుకొని వేలాడరాదనే నియమం అందుకే ఏర్పడింది.

ఎవరికి ఏది తగినది?

‘వీటిలో ఏది ఉత్తమం?’ అని అడగడం కంటె ‘నా పడవలో తెరచాపను ఎక్కడ, ఎవరు, ఎటువంటి గాలిలో దించుతారు?’ అని అడగడం వివేకం. ప్రశ్న సరియైనదైతే సమాధానం సులభమవుతుంది.

హుస్సేన్‌సాగర్ పోటీలలో కనిపించే లేజర్ పడవను చూడండి. 2019 నుండి ఇల్కా అనే పేరుతో కూడా పిలువబడుతున్న ఈ పడవలో తెరచాపను సంచివలె స్తంభానికి తొడుగుతారు. ఒడ్డుకు చేరగానే బూమ్‌ను ఊడదీసి పక్కన పెడతారు. దీనికి ప్రత్యేకమైన ఆధారం అక్కరలేదు. అక్కరలేని చోట పరికరాన్ని చేర్చడం కూడా పొరపాటే.

ప్రశాంతమైన సరస్సులో పగటిపూట మాత్రమే తిరిగి, రేవు చేరిన తరువాత చాప దించే పడవకు పైతాడుతో పాటు ఒక ఊతకర్ర ఉంటే చాలు. ఒంటరిగా ప్రయాణించేవారికి, గాలి మారే తీరప్రాంతంలో తిరిగేవారికి, నడినీటిలో తెరచాపను కుదించవలసినవారికి పైతాడో, కడ్డీయో తప్పనిసరి. కొక్కెపు తీగ మాత్రమే గల చిన్న పడవను కొన్నవారు, తక్కువ ఖర్చుతో చేయదగిన మొదటి మార్పు పైతాడును అమర్చుకోవడమే. ధనం, బలమైన అమరిక రెండూ ఉన్నవారు కడ్డీని అమర్చుకొని, పైతాడును కూడా తీసివేయక సన్నని తాడుగా ఉంచుకోవచ్చు. ఒకటి విఫలమైనప్పుడు మరొకటి ఆదుకొంటుంది.

క్రమమే రక్ష

ఎంత మంచి ఆధారమైనా పని క్రమం తప్పితే ఫలితం ఇవ్వదు. పైతాడు గల పడవలో తెరచాపను దించే క్రమం ఇది. మొదట పడవ ముందుభాగాన్ని గాలికి ఎదురుగా తిప్పాలి. రెండవది, అదుపుతాడును, వ్యాంగ్‌ను కొంచెం వదులు చేయాలి. మూడవది, బూమ్ బరువు తెరచాప మీద నుండి తన మీదకు మారేంతవరకు పైతాడును లాగి బిగించాలి. నాలుగవది, బూమ్ ఊగకుండా అదుపుతాడును బిగించాలి. బూమ్ కింద ఎవరూ లేరని చూసుకొని, అందరికీ వినబడేటట్లు చెప్పి, అప్పుడే తెరచాపను దించాలి. ఎత్తేటప్పుడు తెరచాప పూర్తిగా పైకి చేరిన తరువాతనే పైతాడును వదులు చేయాలి.

మరొక జాగ్రత్త కూడా ఉన్నది. పైతాడు కిందికొనను మనం ప్రతిదినం చూస్తాము. స్తంభం శిఖరాన ఉన్న పైకొనను ఎవరూ చూడరు. ఎండకు తాడు పెళుసెక్కేది, లోహపు కొలికి అరిగేది అక్కడనే. ఏటా ఒకసారైనా స్తంభాన్ని దించినప్పుడు ఆ కొనను పరీక్షించాలి. కనిపించని కొన మీదనే కింద కూర్చున్నవారి క్షేమం ఆధారపడి ఉన్నది.

పడవ ఏ దేశానిదైనా, పరికరం ఎంత నవీనమైనదైనా, అందులోని నీతి మన వాకిట బండి దగ్గర కనిపించేదే. ఎడ్లను విప్పడానికి ముందు ఊత నిలపాలి. తెరచాపను దించడానికి ముందు బూమ్‌ను నిలపాలి. ఒక ఆధారాన్ని తొలగించబోయేవాడు రెండవ ఆధారం సిద్ధంగా ఉన్నదో లేదో ముందే చూసుకోవాలి.

పదాలు - అర్థాలు

గాలివాటం = గాలి వీచే తీరు
కప్పీ = తాడు జారడానికి వీలైన గాడి గల చక్రం
ఏతం = పొలానికి నీరు తోడే పూర్వపు సాధనం
పంగలకర్ర = చివర రెండుగా చీలిన కర్ర
ఉపేక్షించు = చూసీచూడనట్లు విడిచిపెట్టు

అభ్యాసం

అ) ఈ కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. బూమ్‌కు గల నాలుగు విధాల ఆధారాలను, వాటి గుణదోషాలను వివరించండి.
2. ‘ఎడ్లను విప్పడానికి ముందు ఊత నిలపాలి’ అనే మాటను పాఠ్యాంశానికి అన్వయించి రాయండి.

ఆ) ఈ కింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు రాయండి.
1. కొక్కెపు తీగ వల్ల కలిగే ప్రమాదమెట్టిది?
2. కడ్డీ ఉన్న పడవలో బూమ్ చివర ఎందుకు వాలరాదు?
3. తెరచాపను దించే క్రమాన్ని తెలపండి.

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. తెరచాప ఎత్తి ఉన్నప్పుడు బూమ్ వెనుకకొనను ఏది మోస్తుంది?
2. లేజర్ పడవకు బూమ్ ఆధారం ఎందుకు అక్కరలేదు?
3. పైతాడులో ఏ కొనను తప్పక పరీక్షించాలి?